బుస్సీ: ఊరా, ఇంటిపేరా, బిరుదా? తరచుగా అడిగే ప్రశ్నలు

బొబ్బిలి కథ విన్నవాళ్లందరికీ, ఆ కోట మీదికి ఫిరంగులతో వచ్చిన ఫ్రెంచ్ సేనాని బుస్సీ పేరు తెలుసు. ఎప్పుడో ఒకసారి కుతూహలం పుట్టి ఆ పేరు మ్యాప్‌లో కొడతారు, ఫ్రాన్స్ నిండా బుస్సీలే కనిపిస్తాయి. ఇంకాస్త వెతికితే ఇద్దరు ముగ్గురు ప్రభువులు, ఒక సంగీతకారుడు, పుదుచ్చేరిలో ఒక వీధి కూడా తగులుతాయి. ఇక అక్కణ్ణుంచి నాకు మెసేజ్‌లు మొదలు. అడిగేవాళ్లు మారుతున్నారు కానీ అడిగేవి అవే, అందుకే అన్నీ ఒకచోట పెట్టేస్తున్నా. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

### పేరు దగ్గరే ఆగిపోయినవాళ్లకి

అసలు బుస్సీ అంటే ఊరి పేరా, మనిషి పేరా?

ముందు ఊరి పేరే. ఉత్తర, మధ్య ఫ్రాన్స్‌లో చాలా పల్లెలకి ఈ పేరుంది. ఆ పల్లెల మీద పెత్తనం ఉన్న ప్రభువులు "బుస్సీ దొర", "బుస్సీ కౌంట్" అని పిలిపించుకున్నారు, తర్వాత జనం ముందు మాట వదిలేసి ఒట్టి బుస్సీ అన్నారు. ఊరి పేరు మనిషికి అంటుకుంది. మన దగ్గర "పిఠాపురం రాజావారు" అనడం మానేసి "పిఠాపురం వచ్చారా?" అంటే ఎలా ఉంటుందో అలా అన్నమాట. కాబట్టి పుస్తకంలో బుస్సీ అని కనిపించగానే అది ఇంటిపేరు అనుకోకండి, చాలాసార్లు అసలు ఇంటిపేరు వేరే ఉంటుంది.

బుస్సీ అనే మాటకి అర్థం ఏంటి?

పేరు చివర ఉన్న "ఈ" శబ్దం చూడండి, అసలు సంగతంతా అక్కడుంది. అది ఫ్రాన్స్‌కి పాత పేరైన గాల్ దేశపు భాషలోంచి లాటిన్‌లోకి వచ్చిన "ఆకుమ్" అనే ప్రత్యయం అరిగిపోగా మిగిలిన ముక్క. ఫలానావాడి భూమి, ఫలానావాడి కమతం అని దాని అర్థం. మన ఊళ్ల పేర్ల చివర పాడు, పల్లి, పాలెం ఉన్నట్టే. ఇక ముందు ముక్క మీద రెండు మాటలున్నాయి: రోమన్ల కాలపు బుక్కియుస్ అనే పేరుగల భూస్వామి అని ఒకటి, బుక్సుస్ అనే చిన్నాకుల పొద అని రెండోది. ఆ పొద ఇప్పటికీ ఫ్రెంచ్ తోటల్లో గోడలా కత్తిరించి కనిపిస్తుంది, దాని కర్ర గట్టిది, దువ్వెనలు చేసేవారు. ఊరిని బట్టి ఇదో అదో అవుతుంది, అన్ని బుస్సీలకీ ఒకే పుట్టుక అని పట్టుబట్టడంలో అర్థం లేదు.

ఇంకో తమాషా. ఇదే ప్రత్యయం ఉత్తరాన "ఈ" అయితే దక్షిణాన "ఆక్" అయ్యింది. అందుకే ఉత్తరాన సావిన్యీ, దక్షిణాన సావిన్యాక్. కోన్యాక్ సీసా మీద ఉన్న ఊరి పేరు చివరి "ఆక్" కూడా ఈ ప్రత్యయమే.

ఎలా పలకాలి? బుస్సీయా, బ్యూసీయా?

ఫ్రెంచ్‌వాళ్ల నోట మొదటి అచ్చు మన "ఉ" కాదు. "ఈ" అనడానికి నాలుక సిద్ధం చేసుకుని, పెదాలు మాత్రం "ఊ" కోసం సున్నా చుట్టి పలకండి, వచ్చే శబ్దం అదే. రాతలో రెండు "స"లు ఉన్నా పలికేది ఒకటే. అంటే బుసీకీ బ్యుసీకీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. తెలుగులో మాత్రం రెండున్నర శతాబ్దాలుగా బుస్సీ అనే అంటున్నాం, అదే ఉంచుకోండి. పారిస్‌లో టికెట్ కొనేటప్పుడు తప్ప టెన్షన్ పడాల్సిన పని లేదు.

బుసీ, బుచీ, బుస్సి అని రకరకాలుగా రాసి ఉంది. అన్నీ ఒకటేనా?

పాత కాలంలో ఫ్రెంచ్ స్పెల్లింగ్‌కి కట్టుబాటు లేదు. ఒకే మనిషి పేరు ఒక కాగితంలో రెండు "ఎస్‌"లతో, ఇంకో కాగితంలో "సి"తో, చివర "వై" బదులు "ఐ"తో ఉండేది. పారిస్ ఆరో వార్డులో కేఫ్‌లతో కిటకిటలాడే బుసీ వీధి ఉంది చూడండి, అది 14వ శతాబ్దంలో పారిస్ పార్లమెంటు అనే న్యాయస్థానానికి అధిపతిగా పనిచేసిన సిమోన్ ద బుసీ పేరు మీద వచ్చింది, దాని స్పెల్లింగ్ వేరు. ఇప్పటి ఊళ్ల విషయంలో మాత్రం అధికారిక స్పెల్లింగ్ స్థిరపడిపోయింది. రెండు "ఎస్‌"ల బుస్సీ వేరు, స్వాసోన్ దగ్గర ఉన్న "సి" రకం బుసీ-లె-లాన్ వేరు. పాత పత్రాలు వెతుకుతుంటే అన్ని స్పెల్లింగులూ కొట్టి చూడండి. రైలు టికెట్‌కి మాత్రం ఇప్పటిదే.

### ఊళ్లు వెతికేవాళ్లకి

ఇన్ని బుస్సీలు ఎందుకున్నాయి?

మనకి కొత్తపల్లులు ఎందుకు ఇన్ని ఉన్నాయో అందుకే. పేరు పెట్టేవాడికి పక్క తాలూకాలో అదే పేరు ఉందో లేదో ఎందుకు, తన పొలం, తన పేరు. రోమన్ల హయాంలో ఒక్కో భూస్వామి కమతానికి ఒక్కో పేరు పడింది, ఆ కమతాలే తర్వాత పల్లెలయ్యాయి. బుస్సీ అనే మాట పేరులో ఉన్న పంచాయతీలు, అంటే అక్కడి మాటలో కమ్యూన్‌లు, ఫ్రాన్స్‌లో పదిహేను దాకా ఉన్నాయి. బర్గండీ, షాంపేన్, పికార్డీ వైపు ఎక్కువ.

పేరు వెనకాల తోకలున్నాయి, వాటికి అర్థాలేంటి?

ఒక బుస్సీని ఇంకో బుస్సీ నుంచి వేరుగా చెప్పడానికి తగిలించుకున్నవి. కొన్ని గుడి పేర్లు: బుస్సీ-సాన్-జార్జ్, బుస్సీ-సాన్-మార్తాన్ పక్కపక్క ఊళ్లే, ఒకదానిలో జార్జ్ అనే సెయింట్, ఇంకోదానిలో మార్టిన్. కొన్ని దగ్గరి ఊరిని చెప్తాయి: బుస్సీ-లే-దావూర్ అంటే దావూర్ దగ్గరి బుస్సీ. ఇక్కడ "లే" అంటే "దగ్గర" అనే పాత మాట, దాన్ని ఇంగ్లిష్ "ది" లాంటి మాట అనుకుని చాలామంది తప్పులో కాలేస్తారు. బుస్సీ-ఆన్-ఓత్ అంటే ఓత్ అనే అడవి ప్రాంతంలోది. బుస్సీ-లె-గ్రాన్ అంటే పెద్ద బుస్సీ, మన పెదకాకాని లాగ. నాకు నచ్చింది బుస్సీ-లె-రెపో, రెపో అంటే విశ్రాంతి. ఊరి పేరు వింటేనే కునుకు వస్తుంది.

అన్నింటిలో పెద్దది "పెద్ద బుస్సీ" యేనా?

కాదు, ఇక్కడే అందరూ బోల్తా పడేది. బుస్సీ-లె-గ్రాన్ పేరుకే పెద్ద, జనాభా కొన్ని వందలు. నిజంగా పెద్దది పారిస్‌కి తూర్పున ఉన్న బుస్సీ-సాన్-జార్జ్. 1980ల మొదట్లో అది కూడా పొలాల మధ్య చిన్న పల్లెటూరే. పారిస్ చుట్టూ కొత్త పట్టణాలు కట్టే పథకంలో మార్న్-లా-వల్లే అనే ప్రాజెక్టు ఒకటుంది, దానిలో కలిసింది. 1992లో ఆర్‌ఈఆర్ అనే పారిస్ శివారు రైలు మార్గం అక్కడి దాకా వచ్చింది, ఇక అపార్ట్‌మెంట్లే అపార్ట్‌మెంట్లు. ఇప్పుడు పాతికవేల మందికి పైగా ఉంటారు. ఆసియా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు చాలామంది. పెద్ద బౌద్ధ ఆలయం, మసీదు పక్కపక్కనే కట్టుకున్న ఊరు ఇది. మన మాదాపూర్ ఎలా ఊరి నుంచి ఊడిపడి ఇంకేదో అయిపోయిందో, ఇదీ అంతే.

మిగతా బుస్సీల్లో చెప్పుకోదగ్గవి ఏమైనా ఉన్నాయా?

బుస్సీ-లె-గ్రాన్‌లో నెపోలియన్ సేనాని జునో 1771లో పుట్టాడు, పోర్చుగల్ మీదికి దండెత్తినవాడు. సీజర్ గాల్ జాతి నాయకుడు వెర్సింజెటోరిక్స్‌ని ఓడించిన అలేసియా కూడా ఆ చుట్టుపక్కలే. బుస్సీ-ఆన్-ఓత్‌లో రష్యన్ ఆర్థడాక్స్ సన్యాసినుల మఠం ఉంది, ఫ్రెంచ్ పల్లెలో ఆ మఠం చూస్తే వింతగానే ఉంటుంది. బుస్సీ-లెత్రే దగ్గర వత్రీ విమానాశ్రయం ఉంది. మిగతావి ఒక గుడి, ఒక పంచాయతీ ఆఫీసు, చుట్టూ గోధుమ పొలాలు. నిజం చెప్పాలంటే వాటి గురించి ఎవరూ నన్ను అడగరు కూడా.

ఒకే పేరున్న రెండు బుస్సీలు కనిపిస్తున్నాయి, తప్పు పడిందా?

తప్పు కాదు. తోక కూడా ఒకటే ఉన్న జంటలు ఉన్నాయి. బుస్సీ-లా-పెల్ రెండు, ఒకటి కోత్-దోర్ జిల్లాలో, ఒకటి నియేవ్ర్ జిల్లాలో. బుస్సీ-లె-రెపో కూడా రెండు, మార్న్‌లో ఒకటి, యోన్‌లో ఒకటి. ఏ తోకా లేని ఒట్టి బుస్సీలు షేర్‌లో ఒకటి, వాజ్‌లో ఒకటి. అందుకని ఊరి పేరుతో పాటు జిల్లా నంబరు చూసుకోవాలి: షేర్ 18, కోత్-దోర్ 21, మార్న్ 51, నియేవ్ర్ 58, వాజ్ 60, సేన్-ఎ-మార్న్ 77, సోమ్ 80, యోన్ 89.

పిన్‌కోడ్‌ని నమ్ముకోకండి. అక్కడి పిన్‌కోడ్ తపాలా సౌకర్యం కోసం పెట్టింది, బుస్సీ-సాన్-జార్జ్‌కీ బుస్సీ-సాన్-మార్తాన్‌కీ ఒకటే, 77600. ఊరికి ఊరికి తేడా చెప్పేది అక్కడి గణాంక సంస్థ ఇచ్చే అయిదంకెల కమ్యూన్ కోడ్.

ఫ్రాన్స్ బయట కూడా బుస్సీలు ఉన్నాయా?

ఉన్నాయి, ఫ్రెంచ్ మాట్లాడే స్విట్జర్లాండ్‌లో. ఫ్రిబూర్గ్ ప్రాంతంలో ఒక బుస్సీ, వో ప్రాంతంలో బుస్సీ-షార్దొనే, బుస్సీ-సుర్-మూదోన్. అక్కడా గాల్, రోమన్ కాలపు పేర్ల పద్ధతి అదే కాబట్టి ఆశ్చర్యం లేదు.

### వంశాల దగ్గర తికమకపడేవాళ్లకి

బుస్సీ వంశం అంటే ఒకటే కుటుంబమా?

కాదు. ఊళ్లు పదిహేను దాకా ఉంటే ప్రభువులు ఒక్క ఇంటివాళ్లే ఎలా అవుతారు? పైగా ఒకే ఊరి పెత్తనం పెళ్లిళ్ల వల్ల, అమ్మకాల వల్ల చేతులు మారుతూ ఉండేది. కట్నంగా కూతురితో పాటు ఊరు వెళ్లిపోతే, అల్లుడు కొత్త బుస్సీ దొర అవుతాడు, మామ వంశానికి ఆ పేరుతో పని ఉండదు. నెట్‌లో కొందరు బుస్సీ-రబ్యుతాన్‌నీ, బుస్సీ దాంబ్వాజ్‌నీ (ఈ ఇద్దరు ప్రభువుల కథ కింద ఉంది), మన బొబ్బిలి బుస్సీనీ ఒకే వంశవృక్షంలో వేలాడదీస్తున్నారు. ఆ ముగ్గురి ఇంటిపేర్లు వరసగా రబ్యుతాన్, క్లెర్మోన్, పాతిసియే. ఇంటిపేర్లు చూశాక కూడా అన్నదమ్ములంటే ఇక మనం చేయగలిగింది లేదు.

మన ఇంటిపేర్లు కూడా ఊళ్ల నుంచి వచ్చినవే కదా, తేడా ఏంటి?

మంచి ప్రశ్న. విజయనగరం రాజుల ఇంటిపేరు పూసపాటి కూడా పూసపాడు అనే ఊరి నుంచి వచ్చిందే. కాకపోతే మనకి ఇంటిపేరు రక్తంతో పాటు పోతుంది. పూసపాడు వదిలి విజయనగరం కట్టుకున్నా పూసపాటివారు పూసపాటివారే, ఊళ్లో భూమి ఉందా అమ్మేశారా అని ఎవరూ అడగరు. ఫ్రాన్స్‌లో దొరతనపు పేరు భూమితో పాటు పోతుంది. అక్కడి ప్రభువుకి రెండు పేర్లు: వంశానిది ఒకటి, ఎస్టేటుది ఒకటి. అన్నదమ్ములు ముగ్గురు మూడు ఎస్టేట్ల పేర్లతో చలామణి అయితే చదివేవాడికి వాళ్లు అన్నదమ్ములని కూడా తెలియదు.

పేరులో "ద" ఉంటే జమీందారీ వంశమేనా?

చాలామంది అలాగే అనుకుంటారు, ఫ్రెంచ్‌వాళ్లలో కూడా. "ద" అంటే "యొక్క", "నుంచి" అంతే. ఫలానా ఊరి నుంచి వచ్చిన చెప్పులు కుట్టేవాడికీ "ద" ఉండొచ్చు. ఉన్నత వంశాల్లో "ద" లేనివాళ్లూ ఉన్నారు. కానీ చూడటానికి దర్జాగా ఉంటుందని మధ్యతరగతివాళ్లు తగిలించుకోవడం మామూలే.

సంగీతకారుడు డెబుస్సీకి ఈ బుస్సీతో సంబంధం ఉందా?

పేరు వరకు ఉంది, ద-బుస్సీ కలిపి రాస్తే డెబుస్సీ. ప్రభువుల కుటుంబం కాదు, 1862లో ఆయన పుట్టినప్పుడు తండ్రి పింగాణీ సామాన్ల కొట్టు నడుపుతున్నాడు. కుర్రతనంలో ఆయన తన పేరుని విడదీసి "ద బుస్సీ" అని సంతకం పెట్టేవాడు. ఒక్క ఖాళీ వదిలితే చాలు, మనిషి దొర అయిపోయాడు!

కౌంట్ బుస్సీ-రబ్యుతాన్ ఎవరు? ఎందుకంత పేరు?

రోజే ద రబ్యుతాన్, బుస్సీ కౌంట్. 1618లో పుట్టి 1693లో పోయాడు. కత్తి బాగా తిప్పేవాడు, కలం అంతకన్నా బాగా తిప్పేవాడు, నోటికి మాత్రం తాళం లేదు. పద్నాలుగో లూయీ కొలువులో ఎవరు ఎవరితో తిరుగుతున్నారో మారుపేర్లతో ఒక వెటకారపు పుస్తకం రాసి స్నేహితురాళ్లకి వినిపించాడు, అది బయటికి పొక్కి అచ్చయిపోయింది. 1665లోనే ఫ్రెంచ్ అకాడమీలో కుర్చీ వచ్చింది, అదే ఏడు బాస్టీల్ జైలూ వచ్చింది. ఏడాది పైన లోపల ఉంచి, బయటికి వదిలి, బర్గండీలో నీ ఊళ్లో నువ్వు పడి ఉండు అని పంపేశారు. మళ్లీ రాజు ముఖం చూడటానికి పదిహేనేళ్లకు పైగా పట్టింది.

ఉత్తరాలకి పేరుపడ్డ మదాం ద సెవిన్యే ఈయనకి దాయాది చెల్లెలి వరస. ఆమె మీద కూడా ఆ పుస్తకంలో వెటకారం చేశాడు, ఆమె చాలాకాలం మనసులో పెట్టుకుంది, తర్వాత మళ్లీ ఉత్తరాలు నడిచాయి.

బుస్సీ దాంబ్వాజ్ అని ఇంకొకాయన కనిపిస్తున్నాడు, ఆయనెవరు?

లూయీ ద క్లెర్మోన్, 1549లో పుట్టాడు. రాజు మూడో హెన్రీ తమ్ముడు అంజూ డ్యూక్‌కి కుడిభుజం, ద్వంద్వయుద్ధాల పిచ్చి. చరిత్రలో ఆయన మీద పడ్డ పెద్ద మచ్చ 1572 నాటి సెయింట్ బార్తలోమ్యూ ఊచకోత. ప్రొటెస్టంట్లని చంపుతున్న ఆ గొడవలో, ఆస్తి కోసం తనతో కోర్టులో దావా నడుపుతున్న సొంత బంధువుని చంపేశాడు. 1579 ఆగస్టులో మోన్సొరో కౌంట్ భార్యతో సంబంధం బయటపడి, ఆ కౌంట్ మనుషుల చేతిలో హతమయ్యాడు. తర్వాత ఇంగ్లండ్‌లో నాటకంగా, ఫ్రాన్స్‌లో డ్యూమా నవలగా మారాడు. వాటిలో మాత్రం ప్రేమ కోసం ప్రాణమిచ్చిన హీరో. దావా సంగతి హీరోకి నప్పదు కదా మరి.

ఇప్పటికీ ఫ్రాన్స్‌లో బుస్సీ ప్రభువులు ఉన్నారా?

ఊరి మీద పెత్తనం ఉన్న ప్రభువులు లేరు. 1789 ఆగస్టు 4 రాత్రి విప్లవ సభ దొరల ప్రత్యేక హక్కుల్ని రద్దు చేయడం మొదలుపెట్టింది, 1790 జూన్‌లో వంశపారంపర్య బిరుదుల్ని కూడా ఎత్తేసింది. తర్వాత రాజులు వచ్చి బిరుదుల్ని మళ్లీ తెచ్చినా, ఊరి మీద హక్కులు తిరిగి రాలేదు. ఇప్పుడు పేరులో బుస్సీ ఉంటే అది పేరే.

### బొబ్బిలి బుస్సీ గురించి

బొబ్బిలి యుద్ధంలో బుస్సీ అసలు పేరేంటి?

షార్ల్ జోసెఫ్ పాతిసియే. బుస్సీ-కాస్తెల్నో మార్క్విస్ అనేది తర్వాతి హోదా. ఫ్రెంచ్‌లో పాతిసియే అంటే కేకులు, పేస్ట్రీలు చేసేవాడు. ఇది చెప్పగానే మా బంధువు ఒకాయన "అంటే బొబ్బిలి మీదికి వచ్చింది మిఠాయి సుబ్బయ్యా?" అన్నాడు. ఇంటిపేరు మాత్రమే అలాంటిది, ఆయన సైనికాధికారి. జంగం కథల్లో, బుర్రకథల్లో ఇంటిపేరు లేదు, బుస్సీ ఒక్కటే మిగిలింది.

ఆయన ఏ బుస్సీ ఊరివాడు? ఆ ఊరు చూడొచ్చా?

1720 ప్రాంతంలో ఉత్తర ఫ్రాన్స్‌లోని స్వాసోన్ వైపు పుట్టాడు. పారిస్ పక్కన ఉన్న బుస్సీ-సాన్-జార్జ్‌కీ, బర్గండీలో ఉన్న బుస్సీ-లె-గ్రాన్‌కీ ఆయనకీ సంబంధం లేదు. నా స్నేహితుడొకడు డిస్నీలాండ్ ట్రిప్‌లో బుస్సీ-సాన్-జార్జ్‌లో హోటల్ తీసుకుని "బుస్సీ సొంతూరు" అని ఫోటోలు పెట్టాడు, బొబ్బిలివాళ్లు కింద తిట్లు కూడా రాశారు. పాపం ఆ ఊరు ఏం చేసింది!

తెలుగు నేల మీదికి ఎందుకొచ్చాడు?

పుదుచ్చేరి గవర్నర్ డూప్లే పంపితే. 1751లో ముజఫర్ జంగ్‌ని నిజాంగా నిలబెట్టడానికి సేనతో వెంట బయల్దేరాడు. దారిలో రాయచోటి ప్రాంతంలో జరిగిన పోరులో ముజఫర్ జంగ్ చనిపోయాడు. బుస్సీ అక్కడికక్కడే సలాబత్ జంగ్‌ని ఎత్తి కూర్చోబెట్టాడు. ఆ తర్వాత ఏడేళ్లు నిజాం దర్బారులో ఆయన మాట నడిచింది. సైనికుల జీతాలకి డబ్బు కావాలి కదా, దానికోసం 1753లో నాలుగు సర్కారులు రాయించుకున్నాడు: ముస్తఫానగర్ అంటే కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, చికాకోల్ అంటే శ్రీకాకుళం. కోస్తా శిస్తు వసూలు చేయడానికి వచ్చినవాడు అలా మన జమీందారుల తగాదాల మధ్యకి దిగాడు.

బొబ్బిలి యుద్ధానికి నిజంగా బుస్సీయే కారణమా?

ఫిరంగులు ఆయనవి, పగ ఆయనది కాదు. విజయనగరం పూసపాటి విజయరామరాజుకీ బొబ్బిలి రంగారావుకీ పాత వైరం. విజయరామరాజు బుస్సీకి మిత్రుడు, శిస్తు దగ్గర నమ్మకస్తుడు. బొబ్బిలివారు తమ కోట వదిలి వేరేచోట భూములు తీసుకోవాలని బేరం పెట్టారు, వాళ్లు ఒప్పుకోలేదు. 1757 జనవరి 24న కోట మీద దాడి జరిగింది. పరాయి చేతుల్లో పడకూడదని స్త్రీలనీ పిల్లల్నీ లోపలే చంపుకున్నారు, మగవాళ్లు చివరిదాకా పోరాడారు. కొద్ది రోజుల్లోనే తాండ్ర పాపారాయుడు రాత్రివేళ డేరాలో దూరి విజయరామరాజుని పొడిచి చంపాడు. బుస్సీని అమాయకుడు అనడం లేదు నేను. ఇద్దరి తగాదాలో ఒకడికి ఫిరంగి అరువిచ్చినవాడు అమాయకుడు ఎలా అవుతాడు? కానీ కథల్లో మొత్తం పాపం ఆయన నెత్తిన రుద్దితే ఇంట్లోవాళ్ల వాటా కనపడకుండా పోతుంది.

హైదరాబాద్‌లో బుస్సీ గుర్తులు ఏమైనా ఉన్నాయా? మూసారాంబాగ్ ఆయనదేనా?

మూసారాంబాగ్ ఆయనది కాదు. అది "మూసా రామ్" అని జనం పిలుచుకున్న ఫ్రెంచ్ సేనాని రేమోన్ పేరు మీద వచ్చింది, ఆయన 1798లో పోయాడు, సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. బుస్సీ హైదరాబాద్ కథ 1756ది. సలాబత్ జంగ్ ఆయన్ని కొలువు నుంచి తీసేస్తే, వెళ్లిపోతున్నట్టు బయల్దేరి, దారి మళ్లి, నగరంలో చార్‌మహల్ అనే చోట మకాం బిగించి, బందరు వైపు నుంచి బలగం వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు. తర్వాత రాజీ.

చివరికి ఏమయ్యాడు?

1758లో కొత్త ఫ్రెంచ్ అధికారి లాలీ ఆయన్ని దక్కన్ నుంచి వెనక్కి పిలిపించాడు. ఆయన వెళ్లిన కొన్ని నెలలకే, అదే డిసెంబరులో, చందుర్తి దగ్గర ఇంగ్లిష్‌వాళ్లు ఫ్రెంచ్ సేనని ఓడించారు, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పోయింది, సర్కారులు చేజారాయి. బుస్సీ 1760 జనవరిలో వందవాశి యుద్ధంలో ఖైదీగా దొరికాడు. ఫ్రాన్స్‌కి పోయి ఇరవై ఏళ్లకు పైగా కులాసాగా బతికి, 1783లో ముసలితనంలో మళ్లీ సేనాపతిగా మన తీరానికి వచ్చాడు, కడలూరు దగ్గర ఇంగ్లిష్ వాళ్లతో తలపడ్డాడు. 1785 జనవరిలో పుదుచ్చేరిలో చనిపోయాడు.

పుదుచ్చేరి బుస్సీ వీధి, వార్తల్లో వచ్చే బుస్సీ ఆనంద్: వీళ్లకీ ఈ పేరేనా?

ఈ పేరే. పుదుచ్చేరిలో సేనాని పేరు మీద బుస్సీ వీధి ఉంది, ఇప్పుడు అధికారికంగా లాల్ బహదూర్ శాస్త్రి వీధి. బుస్సీ అనే శాసనసభ నియోజకవర్గం కూడా ఉండేది. నటుడు విజయ్ పార్టీలో ముఖ్యుడైన ఎన్. ఆనంద్ 2006లో అక్కణ్ణుంచి ఎమ్మెల్యేగా గెలిచాడు, అందుకే బుస్సీ ఆనంద్ అయ్యాడు. ఫ్రాన్స్‌లో ఊరి పేరు దొరకి అంటుకుంది, దొర పేరు పుదుచ్చేరి వీధికి అంటుకుంది, ఆ పేరే తిరిగి తిరిగి ఒక తమిళ నాయకుడి పేరు ముందు కూర్చుంది. ఎస్టేటు పేరుతో మనిషిని పిలిచే పాత ఫ్రెంచ్ పద్ధతి ఓట్ల రూపంలో మళ్లీ వచ్చినట్టు ఉంది నాకైతే.

### వెళ్లాలనుకునేవాళ్లకి, పాత కాగితాలు వెతికేవాళ్లకి

ఒక్క బుస్సీకే టైముంది, ఏది చూడమంటారు?

అనుమానమే లేదు, బుస్సీ-లె-గ్రాన్. అక్కడున్న కోట లాంటి భవంతిని బుస్సీ-రబ్యుతాన్ అనే పిలుస్తారు, కౌంట్ ఇంటిపేరు వెళ్లి ఊరి పేరుకి అతుక్కుంది. నాలుగు గుండ్రటి బురుజులు, చుట్టూ నీటి కందకం, తీర్చిన తోట. 1929 నుంచి ప్రభుత్వ ఆస్తి. పారిస్ నుంచి వేగపు రైలులో మోన్‌బార్ దిగి, అక్కణ్ణుంచి కారో టాక్సీయో చూసుకోవాలి. చివరి కొన్ని కిలోమీటర్లకి బస్సు దొరుకుతుందనే ఆశతో మాత్రం బయల్దేరకండి. శీతాకాలంలో వేళలు మారతాయి, వెళ్లేముందు చూసుకోండి.

ఆ భవంతిలో అంత గొప్పేముంది?

రాజు కొలువుకి రానివ్వని మనిషి కొలువునే తన గోడల మీదికి తెచ్చుకున్నాడు, అదీ గొప్ప. ఒక గదిలో యుద్ధవీరుల బొమ్మలు, అందులో తన బొమ్మ కూడా పెట్టుకున్నాడు, మొహమాటం లేకుండా. బురుజు గదిలో కొలువులోని అందగత్తెల బొమ్మలు, ఒక్కోదాని కింద ఒక్కో సూదిలాంటి వ్యాఖ్య. ఇంకో గదిలో బొమ్మకో సూక్తి. జైలుకి వెళ్లగానే తనని వదిలేసిన ప్రియురాలు మదాం ద మోంగ్లాని అక్కడ చలికాలం రాగానే ఎగిరిపోయే వానకోయిలలా గీయించాడు. వెర్సాయ్‌లో అద్దాలు చూసి అలిసిపోయినవాళ్లు ఇక్కడ ఒక గంట గడిపితే ఫ్రెంచ్ దర్బారు గురించి అంతకన్నా ఎక్కువ తెలుస్తుంది, నా మాట నమ్మండి.

బుస్సీ-సాన్-జార్జ్ వెళ్లడం దండగా?

చరిత్ర కోసమైతే దండగే. డిస్నీలాండ్‌కి వెళ్తూ చవకలో బస కావాలంటే మాత్రం పనికొస్తుంది. పారిస్ నుంచి ఆర్‌ఈఆర్ "ఎ" లైనులో, చివరి స్టేషన్ డిస్నీకి రెండు స్టేషన్ల ముందు.

మా పూర్వీకుల యానాం కాగితాల్లో బుస్సీ అని ఉంది. ఎక్కడ వెతకాలి?

ముందు అది మనిషి పేరో, పుదుచ్చేరిలోని వీధి పేరో తేల్చుకోండి. చిరునామా గడిలో ఉంటే వీధే అయ్యుంటుంది. యానాం, పుదుచ్చేరి ఫ్రెంచ్ కాలపు జనన, మరణ, వివాహ రిజిస్టర్లు ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లోని ఫ్రెంచ్ విదేశీ ప్రాంతాల ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, చాలావరకు వాళ్ల సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. ఫ్రాన్స్‌లోని బుస్సీ ఊళ్ల రికార్డులైతే ఆయా జిల్లా ఆర్కైవ్స్‌లో ఉంటాయి. 1792కి ముందువి చర్చి రిజిస్టర్లు, తర్వాతివి పౌర రిజిస్టర్లు. విప్లవకాలపు తేదీలు వేరే క్యాలెండర్‌లో రాసి ఉంటాయి, "బ్రుమేర్", "ఫ్లోరెయాల్" లాంటి నెలలు కనిపిస్తే కంగారుపడకండి, మామూలు తేదీల్లోకి మార్చే పట్టికలు నెట్‌లో దొరుకుతాయి.